నల్లోడి మెడలో కర్ర

అన్నకి, పద్మ రాసేది.

అమ్మ, నాయన, అవ్వ, నువ్వు, దొడ్లో జీవాలు అందరూ బాగున్నారని అనుకుంటున్నాను. అవ్వకి దగ్గు తగ్గిందా? నేనిక్కడ బాగానే ఉన్నాను. అమ్మ అడిగితే చాలా బాగున్నానని చెప్పు.

ఫోన్ ఉండగా ఉత్తరమేందని నవ్వుకుంటావు. ఇక్కడ ఫోన్ పిన్నిది. మీరు చేసినప్పుడు స్పీకర్ పెట్టి పక్కనే కూర్చుంటుంది. అందుకే కాలేజీలో వెనక బెంచీలో కూర్చుని రాస్తున్నాను. నీ పేరు మీదే పంపిస్తున్నాను, చదివాక ఎవరికీ చూపించొద్దు. తెలుగు రాసి చాలా రోజులైంది, తప్పులుంటే సర్దుకో.

నేను అడిగేది ఒకటే. మన కుక్క నల్లోడు ఉరకకుండా నువ్వు మెడలో కట్టిన గుదికర్ర తీసెయ్. ఎందుకో చెప్తాను. కోప్పడకుండా చివరిదాకా చదువు.

బెంగళూరులో ఎండ తెలియదన్నా. పొద్దున్నే చలి, సాయంత్రం చినుకులు. పిన్ని బాగానే చూస్తుంది. కానీ సాంబారులో బెల్లం వేస్తారు, నాకు ముద్ద దిగదు. మన సంగటి, చింతాకు పప్పు గుర్తొస్తాయి. ఆత్మకూరు స్కూల్లో నా ఇంగ్లీషుకి ప్రైజ్ ఇచ్చారు కదా. ఇక్కడ లేచి నిలబడమంటే ఒక్క వాక్యం తిన్నగా రాదు. పిల్లలు గబగబా మాట్లాడతారు, నేను అర్థమైనట్టు నవ్వుతాను. రోడ్డు దాటాలన్నా భయమే. ఇవేవీ అమ్మకి చెప్పొద్దు.

పిన్నికి తెలియని సంగతి ఒకటుంది. ఆదివారం పొద్దున ఫ్రెండ్ ఇంట్లో చదువుకుంటానని చెప్పి కుక్కల పార్కుకి పోతున్నాను. నిజంగానే కుక్కల కోసం పార్కు. మా వీధి చివర ఖాళీ స్థలం ఉంటే అక్కడి వాళ్ళే ముళ్ళచెట్లు కొట్టి, చుట్టూ కంచె వేసి, వంతులేసుకుని ఊడ్చుకుంటున్నారు. జీతం తీసుకునే మనిషి ఒక్కరూ లేరు. కుక్కలు తాగడానికి తొట్టెలు, ఎక్కి దూకడానికి పాత టైర్లు. కుక్క దొడ్డికి కూర్చుంటే యజమాని కవరు పట్టుకుని వెనకాలే నిలబడతాడు. నాయనకి చెప్తే నమ్మడు.

మొదటిసారి కంచె బయట నిలబడి చూస్తుంటే వసంత ఆంటీ వచ్చింది. పార్కు పనులన్నీ చూసేది ఆమే. తెలుగు వాళ్ళే.

"నీ కుక్క ఏదమ్మా?"

"ఊర్లో ఉండాది ఆంటీ."

"అది ఊర్లో ఉంటే నువ్విక్కడ ఎవరికి కాపలా?"

ఆమె నవ్వి గేటు తీసింది. "చీపురు పట్టడం వచ్చా? కుక్క లేని వాళ్ళకి అదే టికెట్టు."

అట్లా లోపలికి పోయినాను. ఆ రోజు వాన పడి ఉంది. ఒక కుక్క నా పక్కనే ఒళ్ళు విదిలించింది. వాగు దాటి వచ్చిన నల్లోడి వాసనే. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. దుమ్ము పడిందని చెప్పాను, నేలంతా తడిసి ఉన్నా.

ఆంటీకి బ్రూనో అని పెద్ద కుక్క ఉంది. మంచిదే, కానీ ఉరికి ఉరికి చిన్న కుక్కల మీద పడుతుంది. పార్కు చూసుకునే మనిషి కుక్కే మాట వినకపోతే ఎట్లా అని అందరూ అంటున్నారు. మొన్న ఆదివారం దాన్ని ఇంక తీసుకురావొద్దని చెప్పారు. ఆంటీ ముఖం చిన్నబోయింది.

అంతకు ముందు రోజే నువ్వు ఫోన్లో చెప్పినావు. "నీ కుక్క దినామూ ఉదయగిరి బస్సుకి ఎదురు ఉరుకుతాండాది మే. ఏదో ఒక పొద్దు లారీ కింద పడతాది. గుదికర్ర కట్టినా. ఇంక యాడికి పోతాడో చూస్తా." వెనక నుంచి అవ్వ, "పిల్ల దిగులు కుక్కకి తగులుకునిందిరా," అనింది. నేను నవ్వినాను. నేను హాస్టల్ నుంచి శనివారాలు ఆ బస్సుకే దిగేదాన్ని కదా, ఇంకా నాకోసం చూస్తున్నాడని గర్వంగా కూడా అనిపించింది.

అది మనసులో పెట్టుకుని, ఆంటీ తొట్టె నింపుతుంటే విరిగిన చీపురు కర్ర తీసుకుని, మనం కట్టినట్టే ముంగాళ్ళకి తగిలేలా బ్రూనో మెడకి కట్టాను. మంచి పనే చేస్తున్నాననుకున్నాను. గేటు చప్పుడుకి అది ఉరికింది. కర్ర కాళ్ళ మధ్య పడి బోర్లా పడింది. ఆ అరుపు విని అందరూ నా వైపు తిరిగారు. ఒకాయన ఫోన్ తీసి ఫోటో కొట్టాడు. అది పిన్ని దాకా పోతుందని చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆంటీ తిట్టలేదు. ఆయన్ని ఫోన్ జేబులో పెట్టుకోమని, కూర్చుని ముడి విప్పింది.

"మీ ఊళ్ళో కుక్కకి నొప్పి పుట్టదా పద్మా?"

"మా ఊర్లో అందరూ కడతారు ఆంటీ."

"నేనడిగింది కుక్క సంగతి."

ఆంటీ బ్రూనో ముంగాళ్ళు నా చేతిలో పెట్టింది. ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చిందన్నా. నల్లోడి ముంగాళ్ళ మీద వెంట్రుకలు లేని మచ్చలు ఉంటాయే, పరీక్షలప్పుడు వాటినే నిమురుతూ చదువుకునేదాన్ని. పుట్టుమచ్చలనుకున్నాను. వాడు పిల్లగా ఉన్నప్పుడు నాయన కట్టిన కర్ర గుర్తులవి.

నీది తప్పని అనటంలేదు. నువ్వు లారీకి భయపడే కట్టావు. ఆంటీ ఇప్పుడు బ్రూనోని అందరూ ఇళ్ళకి పోయాకే వదులుతుంది. నువ్వు కూడా బస్సొచ్చే టైముకి వాణ్ణి దొడ్లో మేకపిల్లల దగ్గర వేసి తడిక మూసెయ్. బస్సు పోయాక తియ్యి. కొన్నాళ్ళు ఏడుస్తాడు, ఏడవనీ. నేను కూడా ఏడ్చాను, ఇప్పుడు కొంచెం తగ్గింది.

ఫోటో సంగతి ఇంకా పిన్నికి తెలియలేదు. తెలిస్తే నేనే చూసుకుంటాను. వచ్చే వారం తొట్టెలు కడిగే వంతు నాదని ఆంటీ చెప్పింది. పోతాను.

అవ్వకి, అమ్మకి, నాయనకి నా దండాలు చెప్పు. నేను బాగా చదవాలని అవ్వని దేవుడికి చెప్పుకోమను. నల్లోడి చెవి వెనక నా పేరు చెప్పి గోకు.

నువ్వు ఫోన్ చేసినప్పుడు పిన్ని వింటూ ఉంటుంది. కర్ర తీసేసి ఉంటే మనూర్లో వాన పడిందని చెప్పు. ఎండ మండిపోతున్నా సరే, పడిందనే చెప్పు. నేను అడుగుతాను, పెద్ద వానా అని.

నీ చెల్లెలు,
పద్మ