అమ్మ పోలిక

ప్రణవీ,

చివరి రోజు పొద్దున అమ్మ రెండు గుక్కల చాయ్ తాగింది. నువ్వు మందులు తేవడానికి అబిడ్స్ వెళ్ళావు. అప్పుడు ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, "పిల్లకు నా వంకర ముక్కే వచ్చింది. రాత్రంతా నోటితోనే ఊపిరి తీస్తది. ఆపరేషన్ చేయించుండ్రి," అన్నది. "ఫికర్ చెయ్యకు," అన్నాను. మధ్యాహ్నం వెళ్ళిపోయింది.

నిన్న నువ్వు దవాఖానకు ఫోన్ చేసి ఆపరేషన్ వద్దన్నావు. తర్వాత పిన్ని దగ్గర కూర్చుని, "ముక్కు సక్కగైతే అద్దంల అమ్మ కనవడదు పిన్నీ," అని ఏడ్చావు. పక్క గదిలోంచి విన్నాను. ఎదురుగా మాట్లాడలేక ఇది రాసి నీ దిండు మీద పెడుతున్నాను.

డాక్టరు చెప్పింది గుర్తు చేసుకో. నీ చెవి వెనక నుంచి చిన్న మృదులాస్థి ముక్క తీసి, ముక్కు లోపల ఆసరాగా పెడతారు. గాలి ఆడుతుంది, వంకర కూడా తగ్గుతుంది. నీ చెవులూ అమ్మవే తల్లీ. నువ్వు పుట్టిన రోజు నిన్ను చూసి, "ముక్కు నాది, చెవులు నావి. ఇంటిపేరొక్కటే మీది," అని నన్ను చూసి నవ్వింది.

ఇంకా వద్దనిపిస్తే రాత్రికే చెప్పు. లేకపోతే రేపు పొద్దున నాంపల్లి దవాఖానకు వెళ్ళి నీ ఆపరేషన్ తేదీ మళ్ళీ రాయించుకొస్తాను.

నాన్న