పులుసు గిన్నె జారిన రోజు

బాల్టిమోర్,
9-3-1983

వదినా,

ప్రభువు దయవల్ల బాగున్నాను. ఈమధ్య ల్యాబ్‌లో జబ్బు ఎలుక తెల్లకణాలు తీసి మంచి ఎలుకకి ఎక్కించాం. క్రిములతో పోరాడాల్సిన ఆ కణాలే దాని నరాల మీది పొరను కొరికేశాయి. ఐదో రోజుకి కాళ్ళు ఈడ్చింది. నాకు నీ నడకే గుర్తొచ్చింది. నా ప్రయాణం ముందు క్రిస్మస్ భోజనాల్లో నీ చేతిలోంచి పులుసు గిన్నె జారితే, "పని ఎగ్గొట్టడానికి వేషాలేస్తోంది" అని అందరి ముందూ అన్నాను. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నీదీ ఆ జబ్బేనో కాదో నాకు తెలీదు. అన్నయ్యని తీసుకుని వెల్లూరు వెళ్ళి నరాల డాక్టరుకి చూపించుకో. చూపు మసకబారుతోందా? బావి నీళ్ళు ఎవరు తోడుతున్నారు?

పిల్లలకి దీవెనలు. అప్పుడు ఆ మాట విన్నవాళ్ళంతా ఇదీ వినాలనే కవరులో పెట్టకుండా కార్డు మీద రాశాను. మన పోస్ట్‌మాన్ కార్డులు పైకి చదివే ఇస్తాడుగా.

నీ ఆడపడుచు,
లూసీ