నలభై నాలుగు చుట్లు

అక్టోబర్ 3, 2019

1968 మార్చిలో హతనో నాకు మాట ఇచ్చాడు. మా గురువుగారి వర్క్‌షాపు వెనక సందులో ఇద్దరం నిలబడి నూడిల్స్ తింటున్నాం. మేం కలిసి చేస్తున్న స్టీరియో ఆంప్లిఫయర్ గురించి పత్రికలో ఎప్పుడు వేసినా పైన రెండు పేర్లూ ఉంటాయన్నాడు. సర్క్యూట్ వాడిది. ట్రాన్స్‌ఫార్మర్లు నావి, నా చేత్తో చుట్టినవి.

ఆగస్టు సంచిక వచ్చింది. పదకొండు పేజీలు. ఒకటే పేరు.

నేను అడగలేదు. ఆ రోజు నుంచి వాడితో మాట్లాడనూ లేదు. అకిహబారా స్టేషన్లో ఒకే మెట్ల మీద ఎదురుపడుతూ యాభై ఒక్క ఏళ్ళు మాట్లాడకుండా ఉండటం చిన్న పని కాదు. క్రమశిక్షణ కావాలి.

ఇవాళ వాడి కూతురు ఫోన్ చేసింది. నాన్నగారు జూన్‌లో పోయారండీ అంది. నాకు తెలుసు, పేపర్లో చూశాను. ఆ పేజీలోనే చేప ముళ్ళు చుట్టి పారేశాను.

అక్టోబర్ 5

వచ్చింది. పేరు చిజురు. యాభై దాటి ఉంటుంది. పిల్లలకు ఈత నేర్పుతుందట, భుజాలు అలాగే ఉన్నాయి. మేం చేసిన ఆ ముప్ఫై కిలోల ఆంప్లిఫయర్‌ని బొంతలో చుట్టి, రెండంతస్తులు తనే మోసుకొచ్చింది. నేను సాయం పట్టబోతే, మీరు తలుపు పట్టుకోండి చాలు బాబాయ్ గారూ అంది. నేను ఆ పిల్లకు బాబాయ్‌ని ఎప్పుడయ్యానో నాకు తెలియదు.

విషయం ఇది. మా వార్డులో కొత్త మ్యూజియం నవంబర్ ఒకటిన తెరుస్తారు. ఈ పేటలో రేడియోలు, ఆంప్లిఫయర్లు చేసినవాళ్ళకి ఒక గది కేటాయించారు. మధ్యలో పెట్టేది ఇదే. ఊరికే చూపించడానికి కాదు, ఆ రోజు మోగాలి. కుడివైపు చానెల్ చచ్చిపోయి మూడేళ్ళయిందట. బాగుచేయడానికి మ్యూజియం వాళ్ళకి మనుషులున్నారు. కానీ హతనో కాగితం రాసి పెట్టాడు, సెగావా తప్ప, అంటే నేను తప్ప, ఇంకెవరూ దీన్ని విప్పకూడదని.

ఇంకోటి కూడా రాశాడు. పక్కన పెట్టే చీటీలో ఏం ఉండాలో అదీ సెగావాయే రాయాలట. ఇరవయ్యో తేదీలోగా అందాలి.

అయితే మీ పేరు కూడా వేస్తారు కదా అని అడిగిందా పిల్ల. అందులో "కూడా" ఏమిటమ్మా అన్నాను. నవ్వింది. నేను నవ్వలేదు.

తీపి బీన్స్ హల్వా తెచ్చింది. ఆ పిల్ల వెళ్ళాక మొత్తం తినేశాను.

అక్టోబర్ 6

విప్పలేదు. దాని చుట్టూ తిరిగాను.

అక్టోబర్ 7

అడుగు పలక తీశాను. సోల్డరింగ్ ఇంకా మెరుస్తోంది. ఇది ఒప్పుకోవాలి, వాడి చేయి శుభ్రం. పైన నా ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ నల్ల డబ్బాల్లో, తారుతో మూసి, నా ముద్రతో అలాగే ఉన్నాయి. యాభై ఏళ్ళకి ఒక్క చుక్క తారు కూడా కారలేదు. వీటి వల్లే దీనికి అంత పేరు వచ్చింది. గాజు వాల్వుల వెచ్చదనం, వాల్వుల తియ్యదనం అని రాసే పత్రికల వాళ్ళు ట్రాన్స్‌ఫార్మర్ అనే ఇనప ముక్క గురించి ఒక్క వాక్యం రాయరు. రాగి తీగ చుట్టినవాడి పేరు వాళ్ళకి అక్కర్లేదు. నేను రష్యన్ నవలలన్నీ చదివాను, రోమన్ చరిత్ర చదివాను, తాంగ్ కాలపు కవులని చదివాను. పని చేసినవాడి పేరు ఎక్కడా లేదు. చేయించినవాడి పేరే ఉంది.

కుడివైపు ఒక కండెన్సర్ లీకవుతోంది. అంతే జబ్బు. పది నిమిషాల పని.

కానీ అక్కడే ఇంకోటి కనిపించింది. ఇలాంటి సర్క్యూట్లో వాల్వులు జంటగా పనిచేస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్లో ఉన్న తీగచుట్టలో ఒక సగాన్ని ఒక వాల్వు తోస్తే రెండో సగాన్ని రెండోది లాగుతుంది. రెండింటి కిందా ఒకే విలువ రెసిస్టర్లు ఉండాలి. పత్రికలో వాడు వేసిన బొమ్మలోనూ అలాగే ఉంది. ఇక్కడ మాత్రం ఒకదానికి ఒక విలువ, ఇంకోదానికి ఇంకో విలువ. వయసు వల్ల మారిందేమోనని రంగు గీతలు చూశాను. లేదు, పెట్టినప్పుడే వేరు. చేతికి దొరికింది పెట్టేశాడన్నమాట. మహానుభావుడు, సర్క్యూట్ల చక్రవర్తి అని సంతాపాల్లో రాశారు.

అక్టోబర్ 9

రైలు పట్టాల కింద ఉన్న విడిభాగాల కొట్టుకి వెళ్ళాను. ఒత్సుకి ఇంకా అక్కడే కూర్చుని ఉంది, సొరుగుల మధ్య. పందొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ అమ్మ పక్కన కూర్చుంది, ఇప్పుడు డెబ్భై. నన్ను చూసి, మీరింకా ఉన్నారా సెగావా గారూ, నేను మీ పేరు మీద అగరొత్తి కూడా వెలిగించేశానే అంది. ఆ అగరొత్తి డబ్బులు బిల్లులో కలుపుకోమన్నాను.

సరిజోడు రెసిస్టర్లు కావాలన్నాను. ఎందుకో చెప్పాను. అప్పుడు ఒక సంగతి చెప్పింది. 1968లో హతనో ఒక మధ్యాహ్నమంతా ఈ కొట్లో కూర్చుని, మీటరు పట్టుకుని మూడు సొరుగులు ఖాళీ చేయించాడట. తను జంటలు ఏరి ఇస్తే, జంట వద్దమ్మాయ్, జంట కానివి కావాలి అన్నాడట. ఆ రోజు వాళ్ళమ్మ, ఈ కుర్రాడికి ఎవరో పిల్ల కాదన్నట్టుంది, తిక్క పట్టింది అందట.

నేను పట్టించుకోలేదు. జంటే కొన్నాను.

అక్టోబర్ 11

కుడివైపు కండెన్సర్ మార్చాను. వంకర రెసిస్టర్లు తీసేసి సరిజోడు వేశాను, పత్రికలో ఉన్నట్టే. పియానో రికార్డు పెట్టాను.

కుడివైపు మోగింది. దాంతోపాటు గుయ్‌మని మోత. పాట ఆపినా ఆగదు.

అక్టోబర్ 12

వాల్వులు అటూ ఇటూ మార్చాను. ఎర్త్ చూశాను. కరెంటు వైపు కండెన్సర్లన్నీ కొత్తవి వేశాను. మోత అలాగే ఉంది. అన్నం మాడింది.

అక్టోబర్ 13

ఎడమవైపు ఇప్పటిదాకా ముట్టుకోలేదు, బాగానే మోగుతోంది కదా అని. ఇవాళ చూశాను. అక్కడా అదే వంకర. అదే రెండు విలువలు, అదే స్థానంలో. ఎడమవైపు మోత లేదు.

నిర్లక్ష్యం రెండు చోట్ల ఒకే కొలతలో ఉండదు.

మా గురువుగారి దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఒకడు చుట్టి తారు పోసి ముద్ర వేసిన ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇంకొకడు మీటరు పెట్టకూడదు. అలా పెట్టడం అంటే వాడి చెంప మీద కొట్టినట్టే. ఈ పేటలో ఇప్పటికీ ఎవరూ పెట్టరు. నేను నా వాటి మీద అసలే పెట్టను. ముద్ర వేసిందే నేను, ఇంక కొలవడం ఎందుకు?

అక్టోబర్ 14, ఉదయం ఆరు

కొలిచాను. మొదటి సగం యాభై వోల్టులు. రెండో సగం నలభై ఎనిమిదిన్నర.

ఇంకో ట్రాన్స్‌ఫార్మర్. యాభై. నలభై ఎనిమిదిన్నర.

అక్టోబర్ 14, మధ్యాహ్నం

చుట్టే యంత్రం బల్ల కింద నుంచి లాగాను. చేత్తో తిప్పేది, గురువుగారు ఇచ్చింది. దానికి చుట్లు లెక్కపెట్టే అంకెల చక్రం ఉంటుంది. మొదటి సగం ముందుకి తిప్పుతాం, అంకె పదిహేను వందలకి ఎక్కుతుంది. రెండో సగం వెనక్కి తిప్పుతాం, అంకె సున్నాకి దిగుతుంది. సున్నా రాగానే కత్తిరిస్తాం. నలభై ఏళ్ళు అలాగే చేశాను.

ఇవాళ గిన్నెలో ఎర్ర బీన్స్ పోసుకుని కూర్చున్నాను. ఒక్కో చుట్టుకీ ఒక్కో గింజ. ముందుకి వంద గింజలు, అంకె వంద. వెనక్కి వంద గింజలు, అంకె నూట మూడు దిగింది. మళ్ళీ చేశాను. నూట మూడు. చక్రానికి ఒక పన్ను అరిగి ఉంది. వెనక్కి వచ్చేటప్పుడు మాత్రమే జారుతుంది. గురువుగారి కాలం నుంచే అరిగి ఉండాలి. నాకు వినపడలేదు.

అంటే రెండో సగంలో పదిహేను వందలు లేవు, పద్నాలుగు వందల యాభై ఆరే. నలభై నాలుగు చుట్లు తక్కువ. రెండు సగాలూ సమానం కాకపోతే వాటిలోని కరెంటు మోతలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, కొంత మిగిలిపోతుంది. హతనో అది విన్నాడు. నేను లేనప్పుడు మీటరు పెట్టాడు. పెట్టి, ముద్ర విప్పకుండా, నాతో ఒక్క ముక్క అనకుండా, జంట కాని రెసిస్టర్లు వెతికి తెచ్చి కింద నుంచి సరిచేశాడు. కుంటికాలి కింద అట్ట ముక్క పెట్టినట్టు. పత్రికలో మాత్రం బొమ్మ సరిగ్గా వేశాడు, సరైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నవాళ్ళ కోసం.

గింజలు కడిగి నానబోశాను. పారేయడం ఎందుకు.

అక్టోబర్ 16

ఈ యంత్రం మీద నేను చుట్టినవి మూడు వందల పన్నెండు జతలు. దీనిలోదే మొదటి జత. నంబర్లు వేసిన పుస్తకం ఉంది. అన్నిటికీ నా ముద్ర ఉంది.

హచినోహె అనే ఊళ్ళో ఇవబుచి అని పళ్ళ డాక్టరు ఉండేవాడు. 1977లో నా ట్రాన్స్‌ఫార్మర్లతో ఆంప్లిఫయర్ చేసుకున్నాడు. మోత వస్తోందని మూడుసార్లు రైలెక్కి పట్టుకొచ్చాడు, ఒళ్ళో పెట్టుకుని. మూడోసారి నేను, డాక్టరు గారూ, అందరి నోళ్ళూ తర్వాత చూద్దురుగాని ముందు మీ చెవులు చూపించుకోండి అన్నాను. నా కొట్టు నిండా మనుషులున్నారు, అందరూ నవ్వారు. ఆయన వంగి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆయన లాంటివాళ్ళు ఇంకెందరో. ఆయన ఒక్కడే మూడుసార్లు వచ్చాడు.

సాయంత్రం చిజురు ఫోన్ చేసింది, పని ఎంతవరకూ వచ్చిందని. నేను ఇంకోటి అడిగాను. మీ నాన్న నా పేరు ఎందుకు వేయలేదో ఎప్పుడైనా చెప్పాడా అని. చెప్పింది. తను స్కూల్లో ఉండగా ఆ పాత సంచిక చూసి, ట్రాన్స్‌ఫార్మర్లు చేసిన ఆయన పేరు ఏది నాన్నా అని అడిగిందట. ఆయన అన్న మాట అప్పుడు అర్థం కాలేదట, ఇప్పటికీ కాలేదట.

"వాడికి చెప్పలేకపోయాను. చెప్పకుండా వాడి పేరు వెయ్యలేకపోయాను."

ఏం చెప్పలేకపోయారు బాబాయ్ గారూ అని అడిగింది. నాకు తెలియదమ్మా అన్నాను.

మర్యాద. ఈ దేశాన్ని పట్టిన జబ్బు. నా చెంప మీద కొట్టినట్టు అవుతుందని ఊరుకున్నాడు. కొట్టాల్సింది. ఇరవై తొమ్మిదేళ్ళవాణ్ణి, తట్టుకునేవాణ్ణి. వారం రోజులు అలిగి, పన్ను మార్పించి, మూడు వందల పదకొండు జతలు సరిగ్గా చుట్టేవాణ్ణి. పోయాక కాగితం రాసి పంపాడు, సెగావాయే విప్పాలని. తిట్టినా వినపడని చోటికి చేరుకున్నాక.

అక్టోబర్ 18

సరిజోడు రెసిస్టర్లు తీసేశాను. వాడి వంకరవి మళ్ళీ వేశాను, అవే తీగ మడతల మీద. స్విచ్ వేశాను.

మోత లేదు. పియానో వచ్చింది. రెండువైపులా. చాలా బాగుంది, ఏం చేయను.

అక్టోబర్ 20

చీటీ ఇచ్చేశాను. చిజురు నిలబడి చదివింది. మూడో వరుస తీసేద్దాం బాబాయ్ గారూ, చూడటానికొచ్చేవాళ్ళకి ఇదంతా ఎందుకు అంది. తీయొద్దన్నాను.

సర్క్యూట్: హతనో కియోత్సుగు.
ట్రాన్స్‌ఫార్మర్లు: సెగావా తదయోషి.
రెండో సగం నలభై నాలుగు చుట్లు తక్కువ. చుట్టినవాడికి ఎవరూ చెప్పలేదు.

ఎవరూ అని రాశాను. మ్యూజియం కాబట్టి. ఈ డైరీలో అలా రాయక్కర్లేదు, చెప్పనివాడి పేరే రాస్తాను. హతనో కియోత్సుగు.