బాపు తెల్లటి ఫొటో

శ్రీరాంపూర్, మంగళవారం

పొద్దున మా బాపు వేపచెట్టు కింద మంచం మీద కూర్చొని, చాయ్‌లో డబల్ రొట్టె ముంచుకొని తిన్నాడు. చెల్లె రూతు తన ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో ఫొటో తీసింది. మన కంటికి కనపడని వెలుతురును పట్టే కెమెరా అది. ఫొటోలో వేపాకులన్నీ తెల్లగా మెరిశాయి, ఆకాశం నల్లబడింది. బొగ్గుబాయిలో పనిచేసిన బాపు నల్లని మొహం పాలలా వచ్చింది. కళ్ళు మాత్రం నల్లటి గుంటలు.

"నేను తీసినవాట్ల గిదే మంచిదక్కా. కరీంనగర్ల ప్రదర్శనకు పంపుత," అంది రూతు.

బాపుకు ఇక మందు లేదని డాక్టర్ చెప్పి ఎన్నో రోజులు కాలేదు. సాయంత్రం ప్రార్థన అయినాక తమ్ముడు దానియేలు ఆ ఫొటో చూశాడు.

"బాపు సమాధి నాడు ఫ్లెక్సీకి గిదే పెడదం. ఎంత తెల్లగున్నడో సూడుండ్రి."

"పెండ్లి నాడు గూడ మామకు గింత కళ లేకుండె," అని తమ్ముని భార్య నవ్వింది.

బాపు వింటూనే ఉన్నాడు. "గీ తెల్లోడెవడ్రా? బాయి దోస్తులొస్తె నన్ను గుర్తుపట్టద్దా?"

"అప్పుడు నువ్వు సూడవు గద బాపు," అన్నాడు తమ్ముడు.

"నేను తీసింది చెట్టు మీది వెలుతురు, తెల్లతోలు కాదు," అని రూతు ఏడ్చింది. బాపు నా వైపు చూశాడు. అందరికీ నచ్చింది కదా అన్నాను.

అదే ఖాయమైంది. కళ్ళు పాత ఫొటోలోవి అతికించమని తమ్ముడు స్టూడియోకు ఫోన్ చేశాడు. తేదీ దగ్గర ఖాళీ ఉంచమన్నాడు.