ముసలి గాడిద వైద్యం

ప్రియమైన షమూనీకి,

పుస్తకం దొరికింది. ఈ మాట ముందే రాయకపోతే నువ్వు ఉత్తరం చివరి నుంచి చదువుతావని తెలుసు. పుండ్లకూ గాయాలకూ చికిత్స చెప్పే గ్రీకు గ్రంథం, మనచేత అనువాదాలు చేయించే ఉమారా గారు దేనికోసం మన ఇద్దరి ప్రాణాలూ తోడేస్తున్నారో అదే, నేను సరిహద్దు దాటి వచ్చిన ఈ గ్రీకు మఠంలో గోధుమల కొట్టు పక్కన పడి ఉంది. పూర్తిగా లేదు. సన్యాసులు దాని తోలు పుటలు ఒక్కొక్కటే ఊడదీసి, పాత సిరా గీకేసి, వాటి మీద ప్రార్థనలు రాసుకుంటున్నారు.

మఠాధిపతి తియోక్తిస్తును అమ్మమని అడిగాను. "మా పెద్దల పుస్తకం మీలాంటి దారి తప్పిన క్రైస్తవులకా? కుదరదయ్యా" అన్నాడు.

"గీకెయ్యడం కుదురుతుందా స్వామీ?"

"తోలు కావాలిగా మరి. ఎక్కణ్ణుంచి తేను?"

"నేను చేసిస్తాను" అనేశాను.

అదీ ఒప్పందం. నేనొక కొత్త తోలు తయారుచేస్తే ఒక పాత పుటను గీకకుండా నాకు చదవనిస్తాడు. చదివింది మన సురియానీ భాషలోకి రాసుకోవచ్చు. రోజంతా గొర్రె తోళ్లను సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకుతున్నాను. చేతులు పగిలిపోయాయి. మొదటి పుటలు పంపుతున్నాను, ఎప్పటిలా నువ్వు అరబ్బీలోకి మార్చు.

ఒక్క చోట నాకు మతి పోయింది. "చీము పట్టిన పుండును ముసలి గాడిదతో కడగాలి" అని ఉంది. గ్రీకులో మాట స్పష్టంగా గాడిదే. గాడిదతో ఎలా కడుగుతారో నీకేమైనా తోస్తే రాయి.

నీ,
సబ్రీషో

ప్రియమైన మీకు,

ఇంట్లో కూరగాయల కత్తి పట్టనివారు గొర్రె తోళ్లు గీకుతున్నారని చదివి అత్తయ్య నమ్మలేదు. నేను మళ్లీ చదివి వినిపించాను. చేతులకు నువ్వుల నూనె రాసుకోండి.

గాడిద సంగతి చెబుతాను, నిదానంగా చదవండి. మీ పుటలు ముందు వచ్చాయి, ఉత్తరం వెనక ఇంకో వర్తకుడితో వచ్చింది. అందుకని ఈ గాడిద గొడవ తెలియకుండానే పుటలు చేతపట్టుకుని అత్తయ్యకు గబగబా చదివాను. "పుండును పాత ద్రాక్షసారాతో కడగాలి" అని చదివాను. అత్తయ్య తలూపింది. నాకూ ఏ సందేహమూ రాలేదు. తర్వాత మీ ఉత్తరం వచ్చింది. వెనక్కి వెళ్లి చూస్తే, ఆ మాట ఎలా పలకాలో తెలిసేలా పక్కన మీరు పెట్టిన చుక్కలను నేను గమనించలేదు. మన సురియానీలో గాడిదకూ ద్రాక్షసారాకూ అక్షరాలు అవే కదా. పలకడమే వేరు. ముసలికీ పాతకూ మాటా ఒకటే.

నేను పొరపడ్డాను, మాట సరిపోయింది. మీరు సరిగ్గా రాశారు, మాట కుదరలేదు. అంటే ఏమిటి? ఒకప్పుడు ఎవరో గ్రీకువాడు సురియానీ పుస్తకం ముందు పెట్టుకుని, ద్రాక్షసారాను గాడిద అనుకున్నాడు. ఇది గ్రీకు గ్రంథం కాదండీ. మనవాళ్లదే, అక్కడికి వెళ్లి వేషం మార్చుకుంది. నాకలా అనిపిస్తోంది. కాదంటే ఎందుకు కాదో చెప్పండి.

ఉమారా గారికి ఇంకా చెప్పలేదు. గ్రీకు మహావైద్యుడి పుస్తకం వస్తోందని ఆయన ఊరంతా చెప్పుకుంటున్నారు.

మంచు కరిగేలోపు వచ్చెయ్యండి. ఆ తర్వాత సరిహద్దులో దాడులు మొదలైతే దారి ఉండదు.

మీ,
షమూని

ప్రియమైన షమూనీ,

నీ మాట తప్పని తేల్చాలనే కూర్చున్నాను. నిజం ఒప్పుకుంటున్నాను. "కుర్ర వైద్యుడు తన గురువు రాజును వినాలి" అని ఒక పుటలో ఉంటే, ఏదో గ్రీకు నుడికారం కాబోలని వదిలేశాను. ఇప్పుడు సురియానీలో పెట్టి చూశాను. రాజుకూ సలహాకూ అక్షరాలు ఒకటే. గురువు సలహా వినాలి. అంతే. పొయ్యి దగ్గర ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మన నసీబీన్ పట్టణపు వైద్యశాలలో ఎవరో మనలాంటివాడు రాసి ఉంటాడు. మన మూలం ఎక్కడా మిగల్లేదు, ఈ తప్పుల తడక ఒక్కటే మిగిలింది.

ఆ సంతోషంలో నోరు జారాను. తియోక్తిస్తుకు చెప్పేశాను.

ఆయన రాస్తున్న కలం కింద పెట్టాడు. "అయితే ఇది మా పెద్దలది కాదా?"

"కాదు స్వామీ."

"మీవాళ్లదా?"

"అలాగే కనిపిస్తోంది."

ఆయన వెంటనే కొట్టుకు తాళం వేయించాడు. నేను చేసిన తోళ్లు తీసుకోవడం లేదు, పుటలు ఇవ్వడం లేదు. వాళ్లకు గిట్టనివాళ్ల పుస్తకమని నేనే వాళ్ల చేతికి ఆధారం ఇచ్చాను. ఇప్పుడు మొత్తం గీకేసినా అడ్డుకునేవారు లేరు. మంచు కరుగుతోంది. కాసిన్ని రోజులు చూస్తాను.

నీ,
సబ్రీషో

ప్రియమైన మీకు,

ఉమారా గారికి చెప్పాను. చెప్పక తప్పలేదు. వైద్యుల సభలో గ్రీకు పేరుతో చదవబోతున్నారు.

"పేరు పోతే ఎవరు వింటారమ్మా?" అన్నారు.

"పుండు ఉన్నవాళ్లు వింటారండీ."

"సభలో పుండ్లు ఉన్నవాళ్లు ఉండరు. నన్ను చూసి నవ్వేవాళ్లు ఉంటారు."

షర్బతు ముట్టకుండా వెళ్లిపోయారు. మర్నాడు కబురొచ్చింది, మీకు తోడుగా సరిహద్దు దగ్గర ఉంచిన తన మనుషుల్ని వెనక్కి పిలిపిస్తున్నారట. మీరు వాళ్లతో రావాలి, లేదంటే మీ దారి మీది.

రండి. పుస్తకం పోతే పోనివ్వండి. ఇలా రాశానే గానీ, అది పూర్తిగా నిజం కాదు. మీరు వట్టి చేతులతో వస్తే మొదటి రోజు సంతోషిస్తాను. రెండో రోజు నుంచి మిగతా పుటల్లో ఏముండేదని మిమ్మల్ని పీడిస్తాను. మీకది తెలుసు. అయినా రండి.

మీ,
షమూని

ప్రియమైన షమూనీ,

ఉమారా గారి మనుషులు నాకోసం ఆగలేదు. వాళ్లు వెళ్లిన మర్నాడు పొద్దున తియోక్తిస్తు నన్ను పిలిచాడు. కొట్టు తలుపు బార్లా తెరిచి ఉంది. పుటలన్నీ గోనెసంచిలో కట్టించి గడప బయట పెట్టించాడు.

"మా పెద్దలదైతే ప్రాణం పోయినా ఇచ్చేవాణ్ణి కాను" అన్నాడు. "మీవాళ్లది మా కప్పు కింద ఉండకూడదు. తీసుకుపో."

"గీకేస్తారనుకున్నాను స్వామీ."

"మీ మాటలు గీకిన తోలు మీద మా ప్రార్థన రాయమంటావా?" అని, సంచి ముడి బిగించి, "దారిలో తడవనివ్వకు" అన్నాడు. నేను చేసిన తోళ్లు మాత్రం ఉంచుకున్నాడు. బాగా కుదిరాయట.

ఎందుకు నోరు జారానా అని నేను భయపడిన మాటే పుస్తకాన్ని విడిపించింది.

రక్కా రేవు వరకు ఉప్పు వర్తకులతో వచ్చాను. దారి పొడవునా చదువుతూనే ఉన్నాను. గీకేసినవి పోగా ముప్పాతిక భాగం ఉంది. రాసినవాడి పేరు ఎక్కడా లేదు. మొదటి పుటలో ఉన్న గ్రీకు పేరు వేరే చేతిరాత, వేరే సిరా. ఆయన ఎవరో మనకెప్పటికీ తెలియదేమో. కాలి పుండు గురించి రాస్తూ ఒకచోట, "ఇది నా భార్య చెప్పగా చేసి చూశాను, నయమైంది" అన్నాడు. ఆమె పేరూ రాయలేదు. అక్కడ చాలాసేపు ఆగిపోయాను. ఆ వాక్యం అరబ్బీలోకి నువ్వే మార్చాలి, ఒక్క మాట తగ్గకుండా. రాసినవాడి పేరుండే చోట ఖాళీ వదిలేద్దాం. ఉమారా గారు ఏమనుకున్నా సరే.

ఈ ఉత్తరం పట్టుకెళ్లే మనిషి రక్కాలో దొరకలేదు. రేపు బాగ్దాదు పడవ ఎక్కుతున్నాను, నేనే తెస్తున్నాను. నేను కాళ్లు కడుక్కునే లోపల చదివెయ్యి.

నీ,
సబ్రీషో