పాంటు లేని ఫ్లెక్సీ

లుమాంగ్ గిలింగన్ బరంగాయ్ కపితాన్, మా గ్రామ పెద్ద శ్రీయుత ఎదిల్బెర్తో లింగావ్ గారి సముఖమునకు,

అదే బరంగాయ్‌లో చాపెల్ వెనక వీధిన లేతు మిషన్ షాపు నడుపుకొను టర్నరు హెర్మోహెనెస్ దిమానో వ్రాసుకొను అర్జీ.

విషయం: జీపు స్టాండు మూలలో బరంగాయ్ వారు కట్టించిన ఫ్లెక్సీని రాబోవు ఆదివారంలోగా విప్పించవలెనని ప్రార్థన.

అయ్యా,

సదరు ఫ్లెక్సీలో కుడివైపు సగం తమరి చిరునవ్వు, ఎడమవైపు సగం నేను ఉన్నామన్న సంగతి తమరికి తెలియనిది కాదు. తమరు సూటులో ఉన్నారు. నేను ఏ స్థితిలో ఉన్నానో ఈ క్రింద విన్నవించుకొనుచున్నాను.

1. మొన్నటి మే నెల పూల ఊరేగింపులో తమరి మేనకోడలు రాణి వేషంలో నడవగా, ఆమె తలపై పూల తోరణం ఎత్తి పట్టుకొను పని నాకును, మంగలి దమాసోకును అప్పగించబడినది. ఎడమ కర్ర అతనిది, కుడి కర్ర నాది. తోరణం బరువైనది. మా ఊళ్ళో తోరణం మోసే ప్రతివాడూ చేసే పనే నేనూ చేశాను. కర్ర మొదలు పాంటు జేబులో దోపుకుని, బరువంతా తుంటి మీదికి దించుకున్నాను. ఆ జేబులోనే నా పొగ గొట్టం, అంటే నేను లేతు మీద చేసిన బ్యాటరీ వేప్, ఉంది. అది తలకిందులై, అడుగున ఉండవలసిన మీట పైకి వచ్చింది. కర్ర మొదలు సరిగ్గా ఆ మీట మీద కూర్చుంది.

చాపెల్ మలుపు దగ్గర తొడ వెచ్చబడింది. ఎండ అనుకున్నాను. బ్యాండు వాళ్ళ ముందుకు వచ్చేసరికి కాలడం మొదలైంది. దమాసో అవతలి కర్ర దగ్గర్నుంచి పళ్ళు బిగించి అడిగాడు.

“ఏంరా హెనెస్, మేరీమాత ఊరేగింపులో కూడా పొగ పీలుస్తున్నావా? సిగ్గు లేదూ?”

“నేను కాదురా, నా పాంటు పీలుస్తోంది!”

“అయితే కర్ర వదిలెయ్!”

“వదిలితే తోరణం రాణిగారి నెత్తిన పడుతుందిరా వెధవా!”

వదలలేదండీ. దయచేసి ఈ ఒక్క సంగతి నా పేరున గుర్తుపెట్టుకోవాలి. ఈల వేసినట్టు శబ్దం వచ్చి, టప్పుమని పేలి, మూత ఎగిరి డోలు చర్మానికి తగిలేదాకా నేను కర్ర వదలలేదు. ఆ తర్వాత పాంటు వదిలేశాను. ఒంటిమీద పండగ బారోంగ్ చొక్కా, క్రింద మా ఆవిడ మైదా సంచి గుడ్డతో కుట్టిన నిక్కరు. సంచి మీది “మేలు రకం మైదా” అన్న ముద్ర ఎన్ని ఉతుకులకూ పోలేదు. ఫోటో తీసినవాడు నా వెనక నిలబడి ఉన్నాడు.

2. సదరు ఫ్లెక్సీ మీద “వేప్ వద్దు! బ్యాటరీ పేలుతుంది!” అని ఎర్ర అక్షరాలతో వ్రాయించినారు. వృత్తిరీత్యా ఇందుకు అభ్యంతరం తెలుపుకొనుచున్నాను. పక్కన వేసిన బొమ్మ కూడా తప్పు. అది చీట్లపేక పెట్టెలా ఉండే రకం. దానిలో చిన్న సర్క్యూటు ఉంటుంది. వేడెక్కితే ఆపేస్తుంది, ఎక్కువసేపు నొక్కితే ఆపేస్తుంది. నేను చేసేది మెకానికల్ గొట్టం. అందులో బ్యాటరీ, మీట, పైన వేడెక్కి పొగ పుట్టించే కాయిల్, అంతే. మీట నొక్కితే బ్యాటరీలో ఉన్న బలమంతా నేరుగా కాయిల్‌కి పోతుంది. మధ్యలో ఆలోచించేవాడు ఎవడూ లేడు. ఆ ఆలోచన మనిషే చెయ్యాలి.

అందుకే దాని పొగ అంత దట్టం. మన ఊరి కుర్రాళ్ళు పోటీలు పెట్టుకుని గది నిండా మబ్బులు వదిలేది ఈ రకంతోనే. పోటీలో గెలవాలంటే కరెంటు దారిలో ఏదీ అడ్డు ఉండకూడదు. మీట దానంతటది నొక్కుకుపోకుండా బిగించే తాళం రింగు పెడితే ఇంకో అతుకు వచ్చినట్టే, ఆ అతుకు దగ్గర కొంత బలం పోతుంది. బ్యాటరీకీ పైమూతకీ మధ్య విడి పిన్ను పెడితే అక్కడా కొంత పోతుంది. బ్యాటరీ ఎప్పుడైనా ఉబ్బి గాలి వదిలితే బయటికి పోయేందుకు గొట్టానికి బెజ్జాలు కొట్టాలి. వాటివల్ల పొగ తగ్గదు గానీ అందం పోతుంది. నేను మొదట్లో బెజ్జాలు కొట్టేవాణ్ణి. “ఇదేం పొగ గొట్టం హెనెస్ బాబాయ్, పిల్లనగ్రోవిలా ఉంది, ఊది చూపించు” అని కుర్రాళ్ళు ఎగతాళి చేశారు. మానేశాను. రింగు కూడా తీసేశాను. ఆ తర్వాత నా గొట్టాలు పోటీల్లో గెలవడం మొదలుపెట్టాయి.

కాబట్టి పేలినది బ్యాటరీ కాదు. దానికి ఊపిరి తీసుకునే చోటు నేనే లేకుండా చేశాను. పేలింది నా గొట్టం. ఈ మాట ఫ్లెక్సీలో లేదు.

3. సదరు ఫ్లెక్సీ కట్టిన నాటి నుండి జీపు డ్రైవర్లు ఆ స్టాండు పేరే మార్చినారు. “మైదా! మైదా దగ్గర దిగేవాళ్ళు రండి!” అని కేకలు వేయుచున్నారు. ముసలమ్మలు కూడా “బాబూ, మైదా దగ్గర ఆపు” అనుచున్నారు. మా ఆవిడ పురిసిమా బజారుకు వెళ్ళడం మానేసింది. ఫ్లెక్సీ మీద ఉన్నది నా పరువే అయినా, కుట్టు మాత్రం ఆమెది కదా. ఆ నిక్కరు చల్లగా ఉంటుందని ప్రేమతో కుట్టింది. ఆ రోజు నుంచి కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది.

నా తొడ మీద అరచేయంత మేర కాలింది. మందు రాస్తున్నాను. లేతు దగ్గర నిలబడే పని చేయుచున్నాను. ఇది ఫిర్యాదు కాదు.

4. రాబోవు ఆదివారం మా అమ్మాయి దివినాను అడగడానికి పెళ్ళికొడుకు ఆర్నెల్ తల్లిదండ్రులతో, బంధువులతో మా ఇంటికి వచ్చుచున్నాడు. తమరి ఇంట్లోనూ జరిగిన ముచ్చటే గనుక వివరించనక్కరలేదు. వాళ్ళది సరస్సు అవతలి ఊరు. కాబోవు వియ్యంకుడు ఫౌస్తినో మారలిత్ గారికి చేపల వలలు, సొంత పడవలు ఉన్నవి. పడవ దిగి, జీపు ఎక్కి, వండిన పంది మాంసం గంపలతో సహా వాళ్ళు దిగేది ఆ మూలలోనే. ఆ ఫ్లెక్సీ క్రింద నిలబడి “దిమానో గారి ఇల్లెక్కడ?” అని అడుగుతారు. అడిగిన మరుక్షణం జనం ఏం చూపిస్తారో తమరికి తెలియదా అండీ?

మా దివినా నన్ను నిందించలేదు. “పోనీలే నాన్నా, వాళ్ళు పైకి చూడరులే” అంది. పిల్ల అలా అన్నప్పుడు నాకు ఇంకా సిగ్గు వేసింది.

5. ఈ అయిదవ అంశం వ్రాయడానికి నాలుగు కాగితాలు చింపినాను.

వాళ్ళతో మొదటిసారి కలిసినప్పుడు వియ్యంకుణ్ణి మెప్పించాలని నా చేత్తో చేసిన గొట్టం ఒకటి కానుక ఇచ్చాను. ఒకే రాగి కడ్డీలోంచి రెండు కోశాను. ఒకటి ఆయనకు, ఒకటి నాకు. రెండింటి మీదా ఒకే తీగల నగిషీ చెక్కాను. ఆ తీగ చెడిపోతుందని బెజ్జాలు కొట్టలేదు. రింగు పెట్టలేదు. నా జేబులో పేలినది ఆ జంటలో ఒకటి.

రెండవది ఆయన జేబులో ఉంది.

తొడ మీది కట్టు విప్పిన రోజునే ఆయనకు ఫోన్ చేశాను. చెప్పేద్దామనే చేశాను.

“ఏం బావగారూ, కులాసానా? మీరిచ్చింది నా జేబులోనే ఉందండోయ్. పొద్దున లేవగానే ముందు అది పెట్టుకుంటా, తర్వాతే చొక్కా!” అని, ఎందుకో దగ్గాడు.

“అలాగా, అలాగా. బావగారూ, అదీ…”

“చెప్పండి.”

“సరస్సులో నీళ్ళు పెరిగాయా?”

నీళ్ళ గురించి మాట్లాడాం. చేపల మేత గురించి మాట్లాడాం. బరాకో కాఫీలో బెల్లం వేయాలా వద్దా అని కూడా మాట్లాడాం. చెప్పాలంటే, ముందు నేను ఎవరినో చెప్పాలి. నా ఫోటో సంగతి చెప్పాలి. పిల్లనిచ్చే ఇంటివాడు ఊరి మధ్య పాంటు విప్పినవాడని ఆయన నోట వినాలి. నేనిచ్చిన కానుక నమ్మదగినది కాదని నా నోటితో నేనే అనాలి. ఫోన్ పెట్టేశాను. ఆ రోజు నుంచి సరస్సు వైపు అంబులెన్సు వెళ్తే చాలు, లేతు ఆపి వింటున్నాను.

కావున అయ్యా, ముందు ఫ్లెక్సీ తీయించండి. ఆదివారం భోజనాలయ్యాక, మర్యాదగా, పాలిష్ చేసి ఇస్తానని చెప్పి ఆ గొట్టం వెనక్కి తీసుకుంటాను. ఎవరికీ ఏమీ తెలియకుండా సరిచేసి ఇచ్చేస్తాను. ఆదివారం దాకా ఆయన తొడను దేవుడు చూసుకోవాలి.

పై అంశములన్నియు దయతో తమ చిత్తమునకు తెచ్చుకొని, ఒక నిచ్చెనను, ఒక మనిషిని పంపి సదరు ఫ్లెక్సీని విప్పించవలెనని ప్రార్థించుచు, ప్రస్తుతం పాంటు తొడుక్కునే ఉన్న

తమ విధేయుడు,
హెర్మోహెనెస్ దిమానో

తా.క.: అయ్యా, ఈ అర్జీ మడిచి కవరులో పెట్టబోతుంటే మా ఆవిడ లాక్కుని చదివింది. మైదా దగ్గర నవ్వలేదు. అయిదవ అంశం దగ్గర ఆగి, కాగితం బల్ల మీద పెట్టి, నా మొహంలోకి చూసింది.

“ఏమయ్యా, నీకు మతి ఉందా? మనిషి కాలిపోతాడని తెలిసి ఆదివారం దాకా ఆగుతానంటావా?”

“సిగ్గుగా ఉందే సిమా.”

“నీ సిగ్గు తగలెయ్య! ఆ సిగ్గేదో వేరే పాంటులో పెట్టుకో. ఫోన్ ఇలా తే!”

తెచ్చాను. నాకు వినబడేలా స్పీకరు పెట్టి, అడ్డూ ఆపూ లేకుండా మొత్తం చెప్పేసింది. తోరణం, జేబు, పేలుడు, నిక్కరు, ముద్ర. “అన్నయ్యగారూ, మీ జేబులోది కూడా అలాంటిదే. ఇప్పుడే, ఈ క్షణమే బయట పెట్టండి” అంది. నేను తల వంచుకుని లేతు కింది రాగి పొట్టు చూస్తూ నిలబడ్డాను.

“చెల్లెమ్మా,” అన్నాడు వియ్యంకుడు. “ఆ ఫోటో మా పడవవాళ్ళ ఫోన్లలో ఎప్పుడో తిరిగింది. బావగారిని వెనక నుంచి చూసి కూడా గుర్తుపట్టాను. ఆ రోజే బ్యాటరీ తీసి అవతల పెట్టేశాను.”

“మరి జేబులోనే ఉందన్నారటగా!”

“ఉందమ్మా. ఖాళీ గొట్టం. ఆదివారం బావగారి ముందు జేబులోంచి తియ్యాలి కదా! ఇంత అందంగా చేసిచ్చిన మనిషి, నేను పక్కన పడేశానని తెలిస్తే ఎంత నొచ్చుకుంటాడు? పైగా ఎందుకు తీశావంటే, ఫోటో చూశానని చెప్పాలి. నాకు మొహం చెల్లలేదు. అందుకే మొన్న ఫోన్లో కూడా చేపల మేత గురించి మాట్లాడా.” తర్వాత, “ఆయన అక్కడే ఉన్నాడా? కాలు ఎలా ఉంది?” అని అడిగాడు.

మా ఆవిడే చెప్పింది.

అయ్యా, నా పరువు దక్కాలని ఆయన ఇన్నాళ్ళూ ఖాళీ గొట్టం మోశాడు. నా పరువు దక్కాలని నేను ఆయన తొడ మీద నిప్పు ఉంచి ఊరుకున్నాను. పాంటు లేకుండా బ్యాండు ముందు నిలబడినప్పుడు కూడా నాకు ఇంత సిగ్గు వేయలేదు.

కాబట్టి పైన వ్రాసిన ప్రార్థన రద్దు చేసుకుంటున్నాను. ఫ్లెక్సీ ఉండనివ్వండి. అక్షరాలు మాత్రం మార్పించండి: “తాళం రింగు, గాలి బెజ్జాలు లేని గొట్టం జేబులో పెట్టుకోవద్దు. ఇది చేసినవాడు ఇతనే.” నేను అమ్మిన గొట్టాలు ఈ ఊళ్ళో ఇంకా చాలా జేబుల్లో ఉన్నాయి. ఆదివారం దాకా ఆగకుండా ఈ రోజే చాపెల్ దగ్గర తమరి మైకులో చెప్పండి, అందరూ తెచ్చి నా షాపులో ఇవ్వమని. రింగులు పెట్టి బెజ్జాలు కొట్టి ఇస్తాను. పొగ తగ్గితే తగ్గుతుంది. పిల్లనగ్రోవి అంటే అననివ్వండి. తమరి డ్రైవరు జేబులోది ముందుగా పంపితే మేలు.

ఆదివారం మా వియ్యంకుడు ఆ ఫ్లెక్సీ క్రిందే దిగుతాడు. దారి ఎవరినీ అడగనక్కర్లేదు. ఎదురుకోలుకు నేనే అక్కడ నిలబడి ఉంటాను, పైన ఫోటోలో ఉన్న మనిషినే, పాంటుతో.