శుక్రవారం గడువు

ప్రియమైన టార్మో,

మన పొగ గదిలో, పొగ పట్టడానికి వేలాడదీసిన హెర్రింగు చేపల కింద కూర్చుని నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముక్క అర్థమైతే ఒట్టు! సముద్రం మనది, వల మన పొరుగు ఆర్వోది. చేపలెన్ని పట్టాలో మాత్రం అంత దూరం నుంచి చెబుతారా? "నీ మొగుడు బ్రస్సెల్స్‌లోనే ఉన్నాడుగా, నేను తిట్టాల్సింది ఎవర్నో కనుక్కో. ఊరికే గాలిని తిట్టి నోరు నొప్పెడుతోంది" అంటున్నాడు ఆర్వో.

వసంతానికి నీ పని అయిపోతుందన్నావు. దీవికి ఎప్పుడొస్తావు?

ఎదురుచూస్తూ,
లేలో

ప్రియమైన లేలో,

తిట్టడానికి ఒక్కడంటూ లేడని ఆర్వోకి చెప్పు. ఇక్కడ మన కూటమి దేశాలన్నిటికీ కలిపి ఒక ఆఫీసు ప్రతిపాదన రాస్తుంది, ఆ దేశాల మంత్రులు బేరమాడతారు. చాలా చట్టాలకు జనం ఎన్నుకున్న సభ కూడా ఒప్పుకోవాలి. చేపల లెక్క మాత్రం మంత్రులదే, వాళ్లలో మనవాడూ ఉన్నాడు. కొన్నింటికి ఎక్కువమంది సరేనంటే చాలు. కొన్నింటికి అందరూ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. చిన్న విషయాలకైతే కాగితం పంపి గడువు పెడతాం. ఆలోగా ఎవరూ నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టే.

ఇంకో మాట. నన్ను ఇంకో నాలుగేళ్లు ఉండమంటున్నారు. పొగ గది అమ్మేసి నువ్వూ వచ్చేయకూడదూ? శుక్రవారంలోగా నీ జవాబు రాకపోతే సరేనన్నట్టు అనుకుంటాను.

నీ టార్మో

ప్రియమైన లేలో,

శుక్రవారం దాటింది. ఒప్పుకున్నావన్నమాట! ఆఫీసులో సరేనని చెప్పేశాను. బాల్కనీ ఉన్న ఇల్లు కూడా చూశాను. సంతోషంగా ఉండాల్సింది, ఎందుకో మనసు కుదురుగా లేదు. నువ్వు సంతోషంగానే ఉన్నావా?

నీ టార్మో

ప్రియమైన (ఈ మాట రాయాలో వద్దో తెలియడం లేదు) టార్మో,

నీకేమైనా మతి పోయిందా? ఈ దీవిలో పుట్టి మర్చిపోయావా? ఇక్కడ మనిషి నోరు మూసుకుంటే వద్దని అర్థం! మీ మామయ్య మా నాన్నను పడవ అమ్మమని అడిగినప్పుడు నాన్న ఏమన్నాడు? ఏమీ అనలేదు, కాఫీ తాగుతూ కూర్చున్నాడు. మీ మామయ్య టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. నువ్వు పెళ్లికి అడిగినప్పుడు మాత్రం నేను వెంటనే "ఊ" అనలేదూ?

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఆర్వో చూస్తే పొగ అన్నాను. నువ్వు లేకుండా ఉండలేను, పొగ గది లేకుండా నేనెవరో నాకే తెలియదు. ఏం చెయ్యాలో తోచడం లేదు. ఒక్కటి మాత్రం తెలుసు. మన ఇంట్లో ఉన్నది ఇద్దరం, ఇద్దరమూ ఒప్పుకోవాలి. నేను కాదంటున్నాను.

ఇప్పుడు కాగితం నేను పంపుతున్నాను: నువ్వు ఇంటికి వచ్చేయ్. అభ్యంతరముంటే వచ్చే ఆదివారంలోగా రాయి.

కోపంగా, అయినా నీ
లేలో

ప్రియమైన లేలో,

ఆదివారం దాటేదాకా పెన్ను ముట్టుకోలేదు. ఇవాళ సోమవారం.

నా "సరే" వెనక్కి తీసుకున్నాను. "అభ్యంతరం చెప్పిందెవరు?" అని అడిగారు. "మా ఇంట్లో సగం" అన్నాను. వాళ్లకు అర్థం కాలేదు. అక్కడికి వచ్చి ఏం చేస్తానో నాకూ తెలియదు, నువ్వే చేపలు గుచ్చడం నేర్పాలి.

శనివారం పడవకి దిగుతాను. ఆర్వోని కూడా రేవుకి రమ్మను. తిట్టడానికి మనిషి దొరికాడని చెప్పు.

నీ టార్మో